మూట ఒకటి, చీటీ ఒకటి: వెబ్‌లో కంప్రెషన్ హెడర్లు ఎక్కడ తడబడతాయి?

క్లుప్తంగా: వెబ్ సర్వర్ పంపే డేటాను కుదించడం పాత విద్యే, లైబ్రరీలే ఆ పని చేసిపెడతాయి. పేచీ వచ్చేది కుదించిన సంగతి చెప్పే హెడర్ల దగ్గర, అంటే డేటాతో పాటు చీటీల్లా వెళ్లే వివరాల దగ్గర. బాడీలో, అంటే అసలు డేటాలో ఉన్నదొకటి, హెడర్ చెప్పేదొకటి అయితే పేజీ పిచ్చిగీతల్లా తెరుచుకుంటుంది. లేదా సగంలో తెగుతుంది. కొన్నిసార్లు ఏ తప్పూ కనిపించదు, పేజీ మాత్రం అనేక రెట్ల బరువుతో వెళ్తూనే ఉంటుంది. కుదించే బాధ్యత ఒకే పొరకు అప్పజెప్పి, మిగతా పొరలు ఆ చీటీని చెరపకుండా చూసుకుంటే ఈ తంటాల్లో చాలావరకు తలెత్తవు.

మియాపూర్‌లో మెట్రో ఎక్కిన ప్రయాణికుడు అమీర్‌పేట చేరేలోపు ఫోన్‌లో నాలుగు వార్తలు చదివేస్తాడు. ఆ పేజీ అతని చేతికి అందాలంటే మాధాపూర్‌లోనో గచ్చిబౌలిలోనో రాసిన అప్లికేషన్ కోడ్, దాని ముందు నిలబడ్డ ఎన్‌జిన్‌ఎక్స్ అనే వెబ్ సర్వర్, ఆ పైన రిక్వెస్టులను సర్వర్లకు పంచే లోడ్ బ్యాలెన్సర్, అన్నిటికంటే ముందు పేజీల కాపీలను దగ్గర్లో దాచి అందించే సీడీఎన్, ఇన్ని గడపలు దాటాలి. వీటిలో కనీసం మూడింటికి డేటాను కుదించడం తెలుసు. కోడ్ రాసేది ఒక టీమ్, సర్వర్లు చూసేది మరో టీమ్, సీడీఎన్ సెట్టింగులు మార్చేది ఇంకెవరో. ఎవరికి వారే యమునా తీరే అన్నట్టు ఉంటే అందరూ కుదిస్తారు, లేదా ఎవరో ఒకరు చేస్తున్నారులే అనుకుని ఎవరూ కుదించరు.

బేగంబజార్ లారీ ఆఫీసుల్లో మూట కట్టేవాడు ఒకడు, దాని మీద చీటీ రాసేవాడు ఇంకొకడు. మూట మారి చీటీ మారకపోతే సరుకు దించుకునేవాడికి తలనొప్పి. వెబ్ డేటాను పంపే నియమావళి హెచ్‌టీటీపీలో బాడీకీ హెడర్లకూ ఉన్న సంబంధం సరిగ్గా ఇదే.

బేరం కుదిరే తీరు

బ్రౌజర్ ప్రతి రిక్వెస్టులో యాక్సెప్ట్-ఎన్‌కోడింగ్ అనే హెడర్ పంపుతుంది. తాను ఏయే పద్ధతుల్లో కుదించిన డేటాను విప్పగలదో అందులో చెబుతుంది. ఇప్పటి క్రోమ్‌లో అది జీజిప్, డిఫ్లేట్, బీఆర్, జెడ్‌ఎస్‌టీడీ అని నాలుగు పేర్లతో కనిపిస్తుంది. సర్వర్ ఆ జాబితాలోంచి తనకు వీలైనదాన్ని ఎంచుకుని, బాడీని కుదించి, జవాబులో కంటెంట్-ఎన్‌కోడింగ్ హెడర్‌గా ఆ పేరు రాస్తుంది. ఏదీ నచ్చకపోతే ఉన్నదున్నట్టే పంపవచ్చు. అప్పుడు ఆ హెడర్ అసలు ఉండకూడదు. బ్రౌజర్ అడుగుతుంది కానీ డిమాండ్ చేయదన్నమాట.

పేర్ల పక్కన క్యూ అనే విలువ కూడా ఉండవచ్చు. 1 అంటే బాగా ఇష్టం, 0.5 అంటే పరవాలేదు, 0 అంటే వద్దే వద్దు. చేతిరాత కోడ్ ఎక్కువగా పప్పులో కాలేసేది ఈ 0 దగ్గరే. హెడర్‌లో జీజిప్ అనే పదం ఉందా అని మాత్రమే వెతికే కోడ్, ‘జీజిప్;క్యూ=0’ అని వచ్చినా ఉందనే అనుకుని కుదించి పంపేస్తుంది. వద్దన్నవాడికి అదే వడ్డించినట్టు. బ్రౌజర్లు ఇలా పంపవు కాబట్టి తప్పు ఏళ్ల తరబడి దాగి ఉంటుంది. ఏదో ఒక రోజు మానిటరింగ్ టూలో, ప్రాక్సీ అనే పాత మధ్యవర్తి సర్వరో అలా అడిగినప్పుడు బయటపడుతుంది. ప్రతి భాషలోనూ ఈ హెడర్‌ను చదివిపెట్టే లైబ్రరీలు ఉన్నాయి. వాటిని వదిలి సొంతంగా పదం వెతుక్కోవడంలో లాభం లేదు.

ఇక హెడరే రాకపోతే? ప్రమాణం ప్రకారం ఏ పద్ధతిలో పంపినా తప్పు కాదు. ఆచరణలో మాత్రం కుదించకుండా పంపడమే క్షేమం. హెడర్ వచ్చి అందులో ఏమీ లేకపోతే అర్థం వేరు: ఏ కుదింపూ వద్దని.

నాలుగు పేర్ల వెనుక

జీజిప్ 1992లో పుట్టింది. దాని ఫార్మాట్ 1996 మేలో ఆర్‌ఎఫ్‌సీ 1952 అనే ఇంటర్నెట్ సాంకేతిక పత్రంగా రాతపూర్వకమైంది. లోపల పనిచేసేది డిఫ్లేట్ అనే పద్ధతి: వెనక 32 కిలోబైట్ల మేర చూసి, ఇంతకుముందే వచ్చిన ముక్క మళ్లీ వస్తే దాన్ని తిరిగి రాయకుండా ‘ఇన్ని బైట్ల వెనక ఉన్నదే, ఇంత పొడవు’ అని గుర్తు పెడుతుంది. ఆ పైన తరచుగా వచ్చేవాటికి పొట్టి కోడ్, అరుదైనవాటికి పొడుగు కోడ్ ఇస్తుంది.

డిఫ్లేట్ అనే పేరు హెడర్‌లోనూ కనిపిస్తుంది, కానీ దాని కథ కాస్త గందరగోళం. ప్రమాణంలో ఆ మాటకు అర్థం జీలిబ్ అనే తొడుగులో ఉన్న డిఫ్లేట్. ఒకప్పుడు కొన్ని సర్వర్లూ బ్రౌజర్లూ తొడుగు లేని పచ్చి డిఫ్లేట్ వాడాయి. రెండింటినీ ఊహించి విప్పే కోడ్ బ్రౌజర్లలో ఇప్పటికీ ఉంది. కొత్తగా రాసే సర్వర్ ఆ జోలికి పోకుండా ఉండటమే మేలు. జీజిప్ పంపగలిగిన చోట డిఫ్లేట్ పంపి సాధించేదేమీ లేదు.

బ్రాట్లీ గూగుల్ తయారు చేసింది, 2016లో ఆర్‌ఎఫ్‌సీ 7932గా వచ్చింది. హెడర్‌లో దాని పేరు బీఆర్. వెనక్కి చూసే కిటికీ 16 మెగాబైట్ల దాకా పెంచుకోవచ్చు. దానితోపాటు సుమారు 120 కిలోబైట్ల నిఘంటువు ముందే లోపల పొదిగి ఉంటుంది. వెబ్ పేజీల్లో తరచూ వచ్చే హెచ్‌టీఎంఎల్ ముక్కలు, ఇంగ్లిష్, స్పానిష్, చైనీస్, హిందీ, రష్యన్, అరబిక్ మాటలు అందులో ఉన్నాయి. తెలుగుకు చోటు దక్కలేదు. బ్రౌజర్లు బీఆర్ పేరును హెచ్‌టీటీపీఎస్ కనెక్షన్లలో మాత్రమే ప్రకటిస్తాయి. తెలియని ఎన్‌కోడింగ్ కనిపిస్తే దారిలోని పాత ప్రాక్సీలు దాన్ని పాడుచేస్తాయన్న భయమే కారణం. టెస్ట్ సర్వర్‌ను మామూలు హెచ్‌టీటీపీ అడ్రస్‌తో పరీక్షించి ‘బ్రాట్లీ రావడం లేదే’ అని తల పట్టుకునే డెవలపర్లు ముందు చూడాల్సింది ఇదే.

జెడ్‌స్టాండర్డ్ ఫేస్‌బుక్ 2016లో విడుదల చేసింది. 2024లో క్రోమ్ 123, ఫైర్‌ఫాక్స్ 126 దాన్ని అందుకున్నాయి. అప్పటికప్పుడు తయారయ్యే జవాబులకు దాని వేగం కలిసొస్తుంది.

తెలుగు అక్షరానికి 3 బైట్లు

కంప్రెషన్ విషయంలో తెలుగు సైట్లకు ఇంగ్లిష్ సైట్ల కంటే ఎక్కువ లాభం ఉంది. హైదరాబాద్ అనే మాటనే తీసుకుందాం. ఇంగ్లిష్ లిపిలో 9 అక్షరాలు, 9 బైట్లు. తెలుగులో హ, ఐత్వం, ద, ర, దీర్ఘం, బ, దీర్ఘం, ద, పొల్లు. ఇవి కూడా లెక్కకు తొమ్మిదే, కానీ అక్షరాలను బైట్లుగా రాసే యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కోదానికి 3 బైట్లు, మొత్తం 27. ఆ 27 బైట్లను హెక్స్ అనే పదహారు అంకెల లెక్కలో పరిచి చూస్తే ఏడు గుర్తులు ‘ఈ0 బీ0’ అనే జంటతోనూ, రెండు ‘ఈ0 బీ1’ తోనూ మొదలవుతాయి. తెలుగు యూనికోడ్ పట్టిక మొత్తం ఈ రెండు జంటల కిందికే వస్తుంది. అంటే ప్రతి మూడు బైట్లలో మొదటి రెండు దాదాపు ముందే తెలిసినవి. కుదించే సాఫ్ట్‌వేర్‌కు ఇంతకంటే పండగ ఏముంటుంది? అన్నిచోట్లా వచ్చే ఆ బైట్లకు అతి పొట్టి కోడ్ కేటాయిస్తుంది, బరువులో అధికభాగం అక్కడే దిగిపోతుంది.

ప్రోగ్రాములు డేటా ఇచ్చిపుచ్చుకునే జేసన్ ఏపీఐల్లో ఇది ఇంకా ముదురుతుంది. పీహెచ్‌పీ, పైథాన్ తమ డిఫాల్ట్ సెట్టింగులతో జేసన్ రాస్తే తెలుగు అక్షరాలను అలాగే ఉంచవు; ఒక్కోదాన్ని బ్యాక్‌స్లాష్, యూ, నాలుగు అంకెలుగా మార్చి 6 బైట్లు చేస్తాయి. అదే హైదరాబాద్ 54 బైట్లవుతుంది. పీహెచ్‌పీలో జేసన్_అన్‌ఎస్కేప్డ్_యూనికోడ్, పైథాన్‌లో ఎన్‌ష్యూర్_ఆస్కీ=ఫాల్స్ ఇస్తే 27కు దిగుతుంది. కంప్రెషన్ ఆన్‌లో ఉంటే రెండు రూపాల మధ్య తేడా బాగా తగ్గిపోతుంది కాబట్టి ఈ దుబారా చాలామంది కంటపడదు. కంప్రెషన్ ఆగిన రోజు బిల్లులో కనిపిస్తుంది.

బైట్లు తగ్గితే సమయం ఎంత తగ్గుతుంది?

డేటాను ప్యాకెట్లుగా చేరవేసే టీసీపీలో కొత్త కనెక్షన్ మొదటి విడతలో సాధారణంగా 10 ప్యాకెట్లు పంపుతుంది. ఒక్కోదానిలో 1,460 బైట్లు అనుకుంటే 14,600. అవి అందాయన్న కబురు వచ్చాక తర్వాతి విడతలో దానికి రెట్టింపు, ఆ తర్వాత మళ్లీ రెట్టింపు. ఉదాహరణకు 90 కిలోబైట్ల తెలుగు పేజీకి మూడు విడతలు కావాలి. అది 14 కిలోబైట్లకు దిగితే ఒక్క విడతలో పని అయిపోతుంది. ఆదా అయ్యేది రెండు రాకపోకల సమయం.

ఆ రాకపోక ఎంత అన్నది సర్వర్ ఉన్న చోటును బట్టి ఉంటుంది. ఫైబర్‌లో కాంతి సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు వెళ్తుంది. హైదరాబాద్ నుంచి అమెరికా తూర్పు తీరం దరిదాపు 13 వేల కిలోమీటర్లు; పోయి రావడానికి కేబుల్ వంకరలు లెక్కపెట్టకుండానే 130 మిల్లీసెకన్లు. రెండు విడతలు తప్పితే పావు సెకను ఆదా. అదే సర్వర్ ముంబయిలో ఉంటే ఒక్కో రాకపోక 6, 7 మిల్లీసెకన్లే. అమెజాన్ క్లౌడ్ 2022 నవంబరులో హైదరాబాద్‌లోనే రీజియన్ తెరిచింది, అక్కడుంటే అదీ ఉండదు. సర్వర్ ఊళ్లోకి వచ్చేసింది కదా, కంప్రెషన్ ఎందుకన్న ప్రశ్న ఇక్కడే పుడుతుంది. కేబుల్ దూరం తగ్గింది నిజమే. టవర్‌కూ ఫోన్‌కూ మధ్య రేడియో లింకు మాత్రం ఎక్కడికీ పోలేదు, క్లౌడ్ కంపెనీలు బయటికి వెళ్లే ప్రతి జీబీకి వేసే రుసుమూ పోలేదు.

చీటీ తప్పినప్పుడు

బాడీని కుదించి హెడర్ రాయకపోతే బ్రౌజర్ దాన్ని మామూలు టెక్స్ట్ అనుకుని చూపిస్తుంది. తెర మీద డబ్బాలు, ప్రశ్నార్థకాలు. హెడర్ రాసి బాడీని కుదించకపోతే క్రోమ్ ‘కంటెంట్ డీకోడింగ్ ఫెయిల్డ్’ అంటూ ఆగిపోతుంది. కావాలని ఎవరూ ఇలా రాయరు. మరి ఎలా జరుగుతుంది?

ఎక్కువ సందర్భాల్లో మధ్యవర్తి కోడ్ వల్ల. జావాస్క్రిప్ట్‌తో నడిచే ఒక నోడ్ సర్వర్ వేరే ఏపీఐని ఫెచ్ అనే ఫంక్షన్‌తో పిలిచి, వచ్చిన జవాబును బ్రౌజర్‌కు అందిస్తోందనుకుందాం. ఫెచ్ బాడీని తానే విప్పి ఇస్తుంది. హెడర్లలో మాత్రం కంటెంట్-ఎన్‌కోడింగ్: జీజిప్ అని పాత చీటీ అలాగే ఉంటుంది. హెడర్లన్నీ యథాతథంగా కాపీ చేసి పంపే ఒక్క లైను చాలు, విప్పిన సరుకు మీద కట్టిన మూట చీటీ అంటుకుని వెళ్తుంది. పైథాన్ రిక్వెస్ట్స్ లైబ్రరీలోనూ ఇదే తీరు. పరిష్కారం చిన్నదే: బాడీని విప్పి తీసుకుంటే కంటెంట్-ఎన్‌కోడింగ్, బాడీ పొడవు చెప్పే కంటెంట్-లెంగ్త్ రెండింటినీ తీసేసి పంపాలి. లేదా బాడీని విప్పకుండా పచ్చి బైట్లుగానే దాటించాలి. రెండోదే చౌక. విప్పి మళ్లీ కుదించడమంటే అడుసు తొక్కనేల, కాలు కడగనేల.

గో భాషలో తిరకాసు ఇంకోలా ఉంటుంది. దాని హెచ్‌టీటీపీ క్లయింట్ జీజిప్‌ను తానే అడిగి, తానే విప్పి, హెడర్లు కూడా తీసేస్తుంది. కానీ ప్రోగ్రామర్ తన చేత్తో యాక్సెప్ట్-ఎన్‌కోడింగ్ పెడితే ‘నువ్వే అడిగావు, నువ్వే విప్పుకో’ అన్నట్టు బైట్లను అలాగే చేతిలో పెడుతుంది. బాగా నడుస్తున్న కోడ్‌లో ఆ ఒక్క లైను చేర్చగానే జేసన్ పార్సర్ మొదటి అక్షరం దగ్గరే ఎర్రర్ ఇవ్వడానికి కారణం అదే.

రెండుసార్లు కుదించడం మరో రకం. అప్లికేషన్ కుదించింది, కానీ హెడర్ రాయడం మరిచింది. ముందున్న ఎన్‌జిన్‌ఎక్స్ హెడర్ లేదు కదా అని మళ్లీ కుదించి తన చీటీ పెట్టింది. బ్రౌజర్ ఒకసారి విప్పుతుంది, లోపల ఇంకో మూట కనిపిస్తుంది. జీజిప్ అని రెండుసార్లు వరుసగా రాస్తే ప్రమాణం ఒప్పుకుంటుంది గానీ అలా చేయాల్సిన అవసరం ఎవరికీ ఉండదు.

కంటెంట్-లెంగ్త్‌లో ఉండాల్సింది కుదించాక మిగిలిన బైట్ల లెక్క. ముందే తెలియకపోతే హెచ్‌టీటీపీ 1.1లో ఆ హెడర్ తీసేసి చంక్‌లుగా, అంటే ముక్కలు ముక్కలుగా పంపాలి. హెచ్‌టీటీపీ 2లో చంక్‌ల అవసరమే లేదు. ఇక్కడ తెలుగుకే ప్రత్యేకమైన ఉచ్చు ఒకటుంది. జావాస్క్రిప్ట్‌లో హైదరాబాద్ అనే స్ట్రింగ్ పొడవు 9. ఆ 9ని కంటెంట్-లెంగ్త్‌గా రాస్తే, అటువైపు క్లయింట్ 27లో 9 బైట్లే చదివి ఆపుతుంది. తెర మీద మిగిలేది ‘హైద’. ఇంగ్లిష్ టెక్స్ట్‌తో ఎన్ని పరీక్షలు రాసినా ఈ తప్పు దొరకదు. బైట్లను లెక్కపెట్టే బఫర్.బైట్‌లెంగ్త్ వాడాలి.

వేరీ లేని క్యాష్

ఒకే అడ్రస్‌కు కుదించిన రూపం, కుదించని రూపం రెండూ ఉన్నప్పుడు, జవాబుల కాపీలు దాచుకునే క్యాష్ వాటిని వేర్వేరుగా దాచాలి. ఆ సంగతి చెప్పేదే వేరీ: యాక్సెప్ట్-ఎన్‌కోడింగ్. అది లేకపోతే బ్రాట్లీ రూపం ముందు క్యాష్‌లోకి చేరి, బ్రాట్లీ రాని పాత క్లయింట్‌కు కూడా అదే వెళ్లవచ్చు. ఫలానా ఒక్కరికే, అదీ అప్పుడప్పుడే పేజీ పాడవుతోందన్న ఫిర్యాదు వస్తే అనుమానించాల్సిన మొదటి ముద్దాయి ఇదే. కుదించని జవాబులోనూ వేరీ ఉండాలన్నది చాలామంది మరిచేది.

జవాబు రూపానికి గుర్తుగా ఉండే ఈట్యాగ్ హెడర్ కూడా ఇక్కడ తల దూరుస్తుంది. బలమైన ఈట్యాగ్ అంటే బైటుకు బైటు ఒకటే అన్న హామీ. కుదిస్తే ఆ హామీ చెల్లదు. అందుకే ఎన్‌జిన్‌ఎక్స్ అప్పటికప్పుడు కుదించేటప్పుడు దాన్ని బలహీన ఈట్యాగ్‌గా మారుస్తుంది. అపాచీ అనే వెబ్ సర్వర్ వేరే దారి పట్టి ఈట్యాగ్ చివర ‘-జీజిప్’ అని తోక తగిలించింది. బ్రౌజర్ ఆ తోకతోనే తిరిగి అడిగినప్పుడు అపాచీ దాన్ని తోక లేని అసలుతో పోల్చి, కలవడం లేదని ‘పేజీ మారలేదు’ అనే 304 కోడ్‌కు బదులు పేజీ మొత్తాన్నీ మళ్లీ పంపడం చాలాకాలం వేధించింది.

కుదుపు లేని తప్పు: ఎవరూ కుదించకపోవడం

పైవన్నీ కేకపెట్టే తప్పులు. ఇది నోరు మెదపదు. ఎన్‌జిన్‌ఎక్స్‌లో ‘జీజిప్ ఆన్’ అని రాసి, నేరుగా సర్వర్ ఐపీ మీద పరీక్షిస్తే చక్కగా కుదించి వస్తుంది. సీడీఎన్ వెనక పెట్టగానే ఆగిపోతుంది. కారణం జీజిప్_ప్రాక్సీడ్ అనే సెట్టింగ్ డిఫాల్ట్‌గా ఆఫ్‌లో ఉండటం. రిక్వెస్టులో వయా అనే హెడర్ కనిపిస్తే ఇది ప్రాక్సీ ద్వారా వచ్చిందని ఎన్‌జిన్‌ఎక్స్ నిర్ణయించుకుని కుదింపు మానేస్తుంది. క్లౌడ్‌ఫ్రంట్ లాంటి సీడీఎన్‌లు ఆ హెడర్ కలుపుతాయి. ‘జీజిప్_ప్రాక్సీడ్ ఎనీ’ అని రాస్తే సరిపోతుంది.

మిగతా డిఫాల్టులూ అంత దయగలవి కావు. జీజిప్_టైప్స్‌లో ఏమీ రాయకపోతే కుదించేది టెక్స్ట్/హెచ్‌టీఎంఎల్ ఒక్కదాన్నే. జేసన్, సీఎస్‌ఎస్, ఎస్‌వీజీ అన్నీ యథాతథంగా వెళ్తాయి. జావాస్క్రిప్ట్‌కు రెండు పేర్లూ రాయడం మంచిది: అప్లికేషన్/జావాస్క్రిప్ట్ పాతది, 2022లో ఆర్‌ఎఫ్‌సీ 9239 టెక్స్ట్/జావాస్క్రిప్ట్‌నే అసలు పేరుగా నిలబెట్టింది. ఒక పేరే రాసిన సర్వర్‌లో ఫ్రేమ్‌వర్క్ అప్‌గ్రేడ్ చేసిన మర్నాడు బండిల్ ఫైళ్ల బరువు పెరగడానికి వెనక ఉండేది ఇదే. జీజిప్_వేరీ కూడా డిఫాల్ట్‌గా ఆఫే. కుదించడానికి కనీస పరిమాణం 20 బైట్లు. ఇది మరీ తక్కువ. జీజిప్ తొడుగుకే 18 బైట్లు పోతాయి కాబట్టి చిన్న జేసన్ కుదించాక పెద్దదవుతుంది. 1,000 దగ్గర పెట్టుకోవచ్చు. నోడ్ ఫ్రేమ్‌వర్క్ ఎక్స్‌ప్రెస్‌కు వాడే కంప్రెషన్ మిడిల్‌వేర్ 1 కిలోబైట్‌నూ, క్లౌడ్‌ఫ్రంట్ 1,000 బైట్లనూ కనీసంగా తీసుకుంటాయి.

జేపెగ్, వెబ్‌పీ, ఎంపీ4, జిప్, వోఫ్2 ఫాంట్లు ఇప్పటికే కుదించినవి. వోఫ్2 లోపల బ్రాట్లీయే ఉంది. వాటిని మళ్లీ కుదిస్తే సీపీయూ వేడెక్కడం తప్ప ఒరిగేదేమీ లేదు.

లెవెల్ ఎంపికలో ఒక్క జాగ్రత్త. నోడ్‌లో బ్రాట్లీ డిఫాల్ట్ నాణ్యత 11, అంటే గరిష్ఠం. బిల్డ్ చేసేటప్పుడు ఒక్కసారి కుదించి పెట్టుకునే ఫైళ్లకు అది సరైనదే. ప్రతి రిక్వెస్టుకూ అదే వాడితే పరీక్షా ఫలితాలు విడుదలైన రోజు సర్వర్ చతికిలపడుతుంది. అప్పటికప్పుడు తయారయ్యే పేజీలకు 4 లేదా 5, జీజిప్ అయితే 5 లేదా 6 చాలు.

బస్సు ఎక్కడుందో, స్కోరు ఎంతయిందో క్షణక్షణం పంపే లైవ్ ఫీడ్లకు కుదింపు వేరే చిక్కు తెస్తుంది. కుదించే సాఫ్ట్‌వేర్ తగినంత డేటా పోగయ్యేదాకా బఫర్‌లో దాచుకుంటుంది. అప్‌డేట్లు నిమిషానికోసారి గుంపుగా వచ్చి పడతాయి. ప్రతి సందేశం తర్వాత ఫ్లష్ చేసి బఫర్‌లో ఉన్నది వెంటనే పంపాలి, లేదా ఆ ఒక్క రూటుకు కంప్రెషన్ ఆపాలి. క్యాష్-కంట్రోల్‌లో నో-ట్రాన్స్‌ఫార్మ్ అని రాస్తే దాన్ని గౌరవించే మధ్య పొరలు కూడా ముట్టుకోవు.

కుదింపు లీక్ చేసే రహస్యాలు

2013లో బయటపడ్డ బ్రీచ్ దాడికి ఆధారం ఒక్క గమనిక: పునరావృతం ఉంటే సైజు తగ్గుతుంది. పేజీలో రహస్య టోకెన్, యూజర్ టైప్ చేసిన మాట రెండూ ఉన్నాయనుకుందాం. దాడి చేసేవాడు ఒక్కో అక్షరం ఊహించి పంపుతూ, గుప్తీకరించిన జవాబు పొడవును మాత్రమే చూస్తాడు. ఊహ టోకెన్‌తో కలిస్తే జవాబు కాస్త చిన్నదవుతుంది. గుప్తీకరణ ఛేదించకుండానే టోకెన్ అక్షరం అక్షరం చేతికొస్తుంది. దీనికి భయపడి కంప్రెషన్ మొత్తం ఆపేయనక్కర్లేదు. టోకెన్‌ను ప్రతి జవాబులో వేరే ముసుగుతో పంపడం అసలు మందు. పైథాన్ ఫ్రేమ్‌వర్క్ జాంగో 4.2 నుంచి జీజిప్ జవాబుకు 100 దాకా యాదృచ్ఛిక బైట్లు కలిపి పొడవును తారుమారు చేస్తోంది. రహస్యం లేని స్టాటిక్ ఫైళ్లకు ఈ బెడద లేనే లేదు.

ఎదురు దిశలో ప్రమాదం వేరు. క్లయింట్ కూడా రిక్వెస్ట్ బాడీని కుదించి పంపవచ్చు, కంటెంట్-ఎన్‌కోడింగ్ పెట్టి. డిఫ్లేట్‌లో గరిష్ఠంగా 1,032 రెట్ల దాకా కుదింపు సాధ్యం. 10 మెగాబైట్ల అప్‌లోడ్ విప్పితే 10 జీబీ: గోరంత ఫైలు, కొండంత మెమరీ. సైజు పరిమితి విప్పక ముందున్న బైట్ల మీద కాదు, విప్పుతున్న కొద్దీ బయటికొచ్చే బైట్ల మీద ఉండాలి. దాటగానే మధ్యలోనే తెంపేయాలి. సర్వర్‌కు ఆ ఎన్‌కోడింగ్ రాకపోతే ‘ఈ రూపం నాకు రాదు’ అనే 415 కోడ్ ఇచ్చి, జవాబులో యాక్సెప్ట్-ఎన్‌కోడింగ్ పెట్టి తనకు వచ్చినవి చెప్పాలి.

హెడర్లనే కుదించడం వేరే సంగతి

కంప్రెషన్ హెడర్లు, హెడర్ కంప్రెషన్: రెండూ ఒకటేననుకుని ఇంటర్వ్యూల్లో తడబడేవారు ఉంటారు. రెండోది హెచ్‌టీటీపీ 2లో హెడర్లను పొట్టిగా పంపే హెచ్‌ప్యాక్ పద్ధతి, డెవలపర్ చేతికి తగలకుండా అడుగున జరిగిపోతుంది. అందులో 61 వరుసల సిద్ధపట్టిక ఉంటుంది, 16వ వరుస ‘యాక్సెప్ట్-ఎన్‌కోడింగ్: జీజిప్, డిఫ్లేట్’. ఆ పట్టిక ఖరారైన 2015 నాటి లోకం అది. హెచ్‌టీటీపీ 3 పట్టికలో అదే హెడర్ పక్కన బీఆర్ కూడా చేరింది.

ఏ పొర తప్పు చేసిందో పట్టుకోవడం

బ్రౌజర్‌లో డెవలపర్ టూల్స్ నెట్‌వర్క్ ట్యాబ్ రెండు అంకెలు ఇస్తుంది: తీగ మీద వచ్చిన బరువు, విప్పాక ఉన్న బరువు. రెండూ దాదాపు ఒకటే అయితే కుదింపు లేదు. కానీ అంకె క్యాష్ నుంచి వచ్చిందేమో చూసుకోవాలి. డిజేబుల్ క్యాష్ టిక్ పెట్టి మళ్లీ లోడ్ చేయాలి.

పొర పొరగా వెతకడానికి కర్ల్ అనే కమాండ్‌లైన్ టూల్ మేలు. యాక్సెప్ట్-ఎన్‌కోడింగ్‌ను చేత్తో ఇచ్చి, బాడీని ఒక ఫైలులోకి, హెడర్లను మరో ఫైలులోకి రాయించాలి. కంప్రెస్డ్ ఆప్షన్ మాత్రం ఇవ్వకూడదు, ఇస్తే కర్ల్ తానే విప్పేసి సాక్ష్యం చెరిపేస్తుంది. ముందు అప్లికేషన్ పోర్టును, తర్వాత ఎన్‌జిన్‌ఎక్స్‌ను, చివరికి సీడీఎన్ అడ్రస్‌ను ఇలాగే అడగాలి. సీడీఎన్ దాకా వెళ్లాక ఆగిందంటే ఎన్‌జిన్‌ఎక్స్‌ను వయా హెడర్ కలిపి మరోసారి అడిగితే గుట్టు తెలిసిపోతుంది.

ఆ ఫైళ్ల మొదటి బైట్లు హెక్స్‌లో చూస్తే హెడర్ చెప్పేది నిజమో కాదో తేలుతుంది. జీజిప్ ఎప్పుడూ ‘1ఎఫ్ 8బీ’తో మొదలవుతుంది, జెడ్‌స్టాండర్డ్ ‘28 బీ5 2ఎఫ్ ఎఫ్‌డీ’తో. బ్రాట్లీకి అలాంటి ముద్ర లేదు, విప్పి చూడాల్సిందే. ఒకసారి విప్పిన తర్వాత కూడా మళ్లీ ‘1ఎఫ్ 8బీ’ కనిపిస్తే రెండు పొరలు ఒకే మూటను కట్టాయని అర్థం. తెలుగు టెక్స్ట్ నేరుగా మొదలైతే అక్కడ ‘ఈ0 బీ0’ ఉంటుంది, మూట విప్పే ఉంది; ఆ పక్క ఫైలులో కంటెంట్-ఎన్‌కోడింగ్ ఇంకా మిగిలి ఉందేమో చూడాలి.